హార్లన్ బాబాయ్ చేసిన పానా

గొట్టం బాగానే ఉంది. ఒక చివర దీపం పెట్టి రెండో చివర నుంచి చూశాను, తిప్పి మళ్లీ చూశాను. లోపల మెలి తిరిగిన చాళ్ల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. మందు మండే చోట కొంచెం గరుకు తేలింది, అంతే. ఏళ్ల తరబడి పెన్సిల్వేనియా కొండల్లో వానకీ మంచుకీ తిరిగిన తుపాకీకి ఆ మాత్రం ఉండదా?

"పోయింది కదూ?" అన్నాడు నా పక్కన నిలబడ్డ హార్లన్ బాబాయ్.

బాబాయ్ అంటే మా నాన్నకి తోడబుట్టినవాడేం కాదు. ఇద్దరూ కలిసి వేటకి వెళ్లేవాళ్లు, కలిసి తాగేవాళ్లు, కలిసి చర్చి ఎగ్గొట్టేవాళ్లు. ఊరి చివర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ హార్లన్ వర్ట్స్ అందులో పనిముట్లు చేసే మేస్త్రీ. ఫ్యాక్టరీ మూతపడి గోడల మీద పిచ్చితీగలు పాకాయి గానీ ఆయన మటుకు మేస్త్రీగానే మిగిలిపోయాడు. నాకు లేత్ మీద చెయ్యి ఎలా పెట్టాలో నేర్పింది ఆయనే. నాన్న పోయి ఈ తుపాకులు బాగుచేసే కొట్టు నా చేతికొచ్చినప్పుడు, "లోర్నా బిగించిన గొట్టంతో వేటకెళ్తే జింకలు నవ్వుతాయిరా" అని ఊళ్లో మగాళ్లు వేళాకోళాలాడారు. అప్పుడు తన తుపాకీ తెచ్చి అందరికంటే ముందు నా బల్ల మీద పెట్టిందీ ఆయనే. అలాంటి మనిషితో "గొట్టం శుభ్రంగా ఉంది బాబాయ్" అనడానికి నోరు రావాలి కదా. రాలేదు.

"కాస్త అరిగింది," అన్నాను.

"కాస్తా? మూడేళ్లయింది ఒక్క జింకకి తగిలి. ముందు తూటాలు మార్చా. తర్వాత పైన దుర్భిణి మార్చా. అందులో అడ్డగీతా నిలువుగీతా కలిసేచోట మసకబారిపోతోందని ఇంకోటి కొన్నా. అదీ అంతే. భుజానికి ఆనించే చెక్క విప్పించి మళ్లీ బిగించా. ఇంక మార్చాల్సింది గొట్టం ఒక్కటే."

మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా మొహంకేసి కాక నా చెవి పక్కన గోడకేసి చూస్తున్నాడు. ఈ మధ్య ఆయనకి పొగరు పెరిగిందనీ, ఎవర్నీ సూటిగా చూడడనీ ఊళ్లో అనుకుంటున్నారు. నేనూ అదే అనుకున్నాను, ఎందుకు అబద్ధం?

మా వైపు వేట క్యాంపుల్లో ఒక ఆచారం ఉంది. జింకకి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరూ ఏడాదీ రాసి, క్యాంపు గోడకి మేకు కొడతారు. నవ్వులాటకే. కుర్రాళ్లవి ఎక్కువుంటాయి. హార్లన్ బాబాయ్‌ది ఎన్నడూ ఒక్క గుడ్డముక్క ఉండేది కాదు, ఈ మూడేళ్లలో మూడు చేరాయి. మూడూ ఆయన భార్య ఫెర్న్ పిన్ని కుట్టిన ఫ్లానెల్ చొక్కాలవే. పిన్ని పోయాక ఆయనకి మిగిలింది ఆ క్యాంపొక్కటి, ఏడాదికి రెండు వారాలు. మిగతా ఏడాదంతా ఆయన ఆ రెండు వారాల కోసమే బతుకుతాడని నాకు తెలుసు.

"దీని బాడీకి పట్టే పానా నా దగ్గర లేదు బాబాయ్," అన్నాను. "కొనాలి. ఆర్డరిస్తే వచ్చే వారానికి వస్తుంది."

గొట్టం మార్చడమంటే చెప్పడానికి రెండు ముక్కలే. గొట్టాన్ని బుష్‌లో, అంటే చుట్టూ బిగుతుగా పట్టే లోహపు తొడుగులో, పెట్టి బల్ల మీది వైస్‌కి బిగించాలి. అది మరతో వెళ్లి కూర్చునే ఉక్కు పెట్టెకి, అంటే బాడీకి, పానా తొడిగి తిప్పాలి. బుష్ వదులైతే గొట్టం గిర్రున తిరిగి ఒళ్లంతా గీరుకుపోతుంది. పానా దవడ బాడీ గుండ్రానికి అతికినట్టు కూర్చోకపోతే బాడీ నొక్కుకుపోతుంది. ఇక ఆ తుపాకీ గోడకి అలంకారానికే.

"కొంటావా?" అన్నాడు ఆయన, నేనేదో బూతు మాట అన్నట్టు. "అంగట్లో దొరికే పానా పది రకాల తుపాకులకి ఒకటే దవడ. పదిమందికి సరిపోయే చెప్పు ఎవడి కాలికీ సరిపోదు. నా బతుకులో కొన్న పనిముట్టు పట్టుకోలేదు నేను. నేనే చేస్తా. నీ లేత్ ఇవ్వు, ఒక ఉక్కు ముక్క ఇవ్వు. నువ్వు కొత్త గొట్టం మటుకు ఆర్డరివ్వు చాలు."

థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లిన శనివారం జింకల వేట మొదలవుతుంది. ఆ లోపల కొట్లో నాకు ఊపిరాడదు. దుర్భిణి వంకరన్నవాడొకడు, తుప్పు పట్టిందన్నవాడొకడు, ఏడాదంతా అటకమీద పడేసి ఇప్పుడు "రేపటికి కావాలి" అనేవాడొకడు. వాళ్ల మధ్యలో ఓ మూల ఈయన. సరే, రమ్మన్నాను.

మర్నాడు మధ్యాహ్నం డ్వైట్ వచ్చాడు. హార్లన్ బాబాయ్‌కి మేనల్లుడు, క్యాంపుకి పెద్ద, నాతో కలిసి బడికెళ్లినవాడు. జింక మాంసంతో చేసిన బలోనీ చుట్ట ఒకటి నా బల్ల మీద పెట్టాడు. వాడు ఊరికే ఏమీ తీసుకురాడు.

"మామయ్య తుపాకీ ఇచ్చాడటగా?"

"ఇచ్చాడు."

"గొట్టం పోయిందంటున్నాడా?"

"అంటున్నాడు."

"ఆడలేక మద్దెల ఓడు," అని నవ్వబోయి మధ్యలో మానేశాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "లోర్నా, నీకొకటి చెప్పాలి. ఇంట్లో కూడా చెప్పలేదు. పోయినేడు మొదటి రోజు పొద్దున్న నేను కొండ వాలులో చెట్టుకి ఆనుకుని కూర్చున్నా. నారింజ కోటు, నారింజ టోపీ, పెళ్లిపందిరిలా మెరిసిపోతున్నా. మామయ్య అవతలి గట్టు మీద ఉన్నాడు. ఢాం అంది. నా తల పక్కన బెరడు లేచిపోయింది. మూరెడు దూరం, అంతే."

నా చేతిలో ఉన్న ఆకురాయి బల్ల మీద పెట్టేశాను.

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తా? కాసేపటికి ఆయన దిగొచ్చి 'తగిలిందా?' అన్నాడు. 'తప్పించుకుంది మామయ్యా' అన్నా. రాత్రి అందరం కలిసి చొక్కా కోశాం."

"చొక్కా కోశారా!"

"మరేం చెయ్యమంటావు? ఆయనకి ఈ క్యాంపు తప్ప ఇంకేం ఉంది చెప్పు. నువ్వు తుపాకీ ముట్టొద్దు అని ఆ మనిషి మొహం మీద ఎవడంటాడు? నాకు మొదటి తుపాకీ చేతికిచ్చినవాడు."

"అయితే నా దగ్గరికెందుకొచ్చావు?"

వాడు గొంతు తగ్గించాడు. కొట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. "గొట్టం ఊడి రావట్లేదని చెప్పు. లేదా లోపల తూటాని కొట్టే సూది ఒక నూలు అరగదీసెయ్. ఆయన రావాలి, తుపాకీ భుజాన ఉండాలి, అది పేలకూడదు. అంతే."

"పాము చావకూడదు, కర్ర విరక్కూడదు."

"అదే."

నాకు ఒళ్లు మండిపోయింది. "డ్వైట్, నా కొట్లోంచి పేలని తుపాకీ బయటికి పోవడం ఎప్పుడైనా చూశావా? పెళ్లాం వదిలేసినవాడొచ్చి ట్రిగ్గరు బరువెక్కిందంటాడు. కొడుకుతో మాటల్లేనివాడొచ్చి చెక్క పగిలిందంటాడు. ఇళ్లలో నోటితో అనలేనివన్నీ మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, పానాతో విప్పమంటే ఎలాగయ్యా? నీ మేనమామ. నువ్వు చెప్పు."

"నువ్వయితే మెల్లగా చెప్తావు."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పో."

వాడు వెళ్లిపోయాడు. బలోనీ చుట్ట మటుకు వదిలేసి వెళ్లాడు. కోపంలో ఇచ్చెయ్యడం మర్చిపోయాను, నాలుగు రోజులు అదే తిన్నాను.

అంత అరిచాను కదా, మరి నేనేం చేశాను? కొత్త గొట్టం ఆర్డరివ్వలేదు. ఆయన పానా చేసుకుంటాడు, పాత గొట్టం విప్పుతాం, కొత్తది రాలేదంటాను, వేట రోజులు దాటిపోతాయి. ఎవరి మనసూ నొచ్చుకోదు, ఎవడి తలా పగలదు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. డ్వైట్‌ని తిట్టిన నోటితోనే, మర్నాడు ఆయన "గొట్టం ఆర్డరిచ్చావా?" అని అడిగితే "ఇచ్చాను బాబాయ్" అన్నాను. వయసు మీద పడ్డాక తెలివితేటలు పెరుగుతాయంటారు. నాకు మొహమాటం పెరిగింది.

ఆయన రోజూ పొద్దున్నే వచ్చేవాడు. వాగు అవతల ఇల్లు, నడిచే వస్తాడు. బండి నడపడం మానేశాడు, కాళ్లకి మంచిదని. టోపీ మేకుకి తగిలించి, నాన్న తోలు ముందుగుడ్డ కట్టుకుని లేత్ ముందు నిలబడేవాడు. చక్రం తిప్పి, చెవి ఆనించి విని, "మీ నాన్నలాగే దీనికీ నడుం నెప్పి పట్టుకుంది, నూనె పొయ్యి" అనేవాడు. ఆయన చేతులు చూస్తుంటే ముచ్చటేసేది. ఉక్కు ముక్కని ఇటు తిప్పి అటు తిప్పి, బొటనవేలితో అంచు తడిమి, ఎక్కడ పొట్టు ఎక్కువ తీయాలో వేలితోనే పట్టేసేవాడు.

ముందు బుష్ చేశాడు. అది అల్యూమినియం, తేలికైన పని. మధ్యమధ్యలో మైక్రోమీటరు నా ముందుకి చాచి, "ఇది ఎంత చూపిస్తోందో చెప్పు, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయా" అనేవాడు. కళ్లజోడు ఆయన జేబులోంచి తొంగిచూస్తూనే ఉంది. నేను చదివి చెప్పేదాన్ని. రెండోసారి అడిగినప్పుడు అదే జోడు ముక్కు మీదుంది, అయినా మైక్రోమీటరుని మొహానికి ఎదురుగా కాక కణతకేసి పెట్టుకుని ఓరగా చూస్తున్నాడు. కోడి గింజని చూసినట్టు. అప్పుడు నాకు వెలిగింది. ఆయన చూపులో నడిమధ్య భాగం పోయింది. పక్కల మటుకే మిగిలింది. నన్ను చూడాలంటే ఆయన నా చెవి పక్కన గోడకేసి చూడాలి. దుర్భిణిలో మసకబారింది గీతలు కావు.

అయ్యో బాబాయ్, పొగరనుకున్నామే అని అక్కడికక్కడే ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడవలేదు. పంది మాంసం, మొక్కజొన్న పిండి కలిపి చేసే స్క్రాపుల్ ముక్కలు రెండు వేయించి, పైన యాపిల్ జామ్ రాసి తెచ్చిపెట్టాను. "ఉప్పెక్కువైంది, ఫెర్న్ ఇలా వేయించేది కాదు" అని మొత్తం తిన్నాడు.

బుష్ సరిగ్గా వచ్చింది. అంకెలు చదివింది నేను కదా. తర్వాత పానా దవడ మొదలుపెట్టాడు. అది ఉక్కు, మొండి పని. ఆ రోజు కొట్టు నిండా జనం. మైక్రోమీటరు పట్టుకుని ఆయన రెండుసార్లు నాకేసి రాబోయాడు, నేను గల్లా దగ్గర ఎవడితోనో వాదిస్తున్నాను. మూడోసారి రాలేదు. నేనూ పిలవలేదు.

చీకటి పడబోతుండగా లేత్ ఆపాడు. తుపాకీ బాడీ తీసుకుని, దాని మీద పానా దవడ తొడిగి, రెండు చేతుల్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత తీసి బల్ల మీద పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, వేలు వేలూ తుడుచుకున్నాడు.

"అయింది," అన్నాడు. "నువ్వొకసారి చూడు. రేపు విప్పుదాం."

ఆయన వెళ్లాక చూశాను. బాడీ మీద తొడిగితే ఊగింది. కొలిచాను. మళ్లీ కొలిచాను, పరికరం తప్పేమోనని. దవడ వంపు ఇరవైరెండు థౌ ఎక్కువ కోశాడు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. కొత్తవాళ్లకి అదేమంత కాదనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీలో రెండు థౌ తేడా వస్తే, చేసిన ముక్కని చేసినవాడి ముందే తుక్కు డ్రమ్ములో పడేసేవాడు ఈ మనిషి. నేర్చుకునే రోజుల్లో నావి ఎన్ని పడేశాడో.

కుర్చీలో కూలబడ్డాను. ఒళ్లు హూనమైపోయింది. పొద్దుటినుంచి నిలబడే ఉన్నాను, భుజం పోటు. ఇంటికెళ్లి పడుకోవచ్చు. కానీ రేప్పొద్దున ఆయన వస్తాడు, ఇది బాడీ మీద ఊగుతుంది, ఆయన మొహం ఎలా ఉంటుందో నేను చూడాలి. ఆ ఒక్కటీ నావల్ల కాదనిపించింది. లేచి అదే ఉక్కులో ఇంకో ముక్క తీసి లేత్‌కి ఎక్కించాను. ఆయన నేర్పినట్టే కోశాను, ఆయన నేర్పినట్టే ఆకురాయితో అంచుల పదును తీశాను. అచ్చం ఆయన చేసినట్టే ఉంది. ఆయన చేసింది తుక్కు డ్రమ్ములో అడుక్కి తోసేశాను. అలసిపోయినవాళ్లకి అబద్ధం కూడా ఉపకారంలాగే కనిపిస్తుంది.

మర్నాడు నేను కొట్టు తీసేసరికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికొచ్చి కాఫీ కూడా వద్దన్నాడు. గొట్టానికి బుష్ తొడిగి వైస్‌లో బిగించాం. ఆయన బల్ల తడిమి పానా అందుకుని బాడీ మీద తొడిగాడు.

అది కూర్చుంది. జాకెట్టు గుండీ కాజాలో దూరినట్టు చిన్న చప్పుడు కూడా చేసింది.

ఆయన దాన్ని అటూ ఇటూ కదిపి చూశాడు. కదల్లేదు. చేతులు దాని మీదే ఉంచి కదలకుండా నిలబడిపోయాడు.

"బాగా కూర్చుంది," అన్నాడు.

"నీ పని కదా బాబాయ్."

"నిన్న కూర్చోలేదు."

నేను వైస్ పిడి ఇంకాస్త బిగించాను.

"నిన్న తొడిగితే ఊగింది. కుంటి కుర్చీలా ఊగింది. ఇవాళ కూర్చుంది. రాత్రికి రాత్రి ఉక్కు పెరిగిందా లోర్నా?"

"అది... కొంచెం తేడా ఉందని నేను..."

"ఎంత?"

"నా లేత్ కూడా పాతదైపోయింది బాబాయ్, దాని బెడ్డు అరిగి..."

"నీ లేత్‌కి ఏం లేదు. ఎంత?"

ఆయన వైస్ వదిలేసి బల్లకి ఆనుకున్నాడు. కోపంగా లేడు. కోపం వస్తే బాగుండేది. బాగా అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు, అంతే.

"చూడమ్మా," అన్నాడు. "మొదటి రోజు గొట్టం కోసమే వచ్చా. నిజంగానే గొట్టమనుకున్నా. అనుకోవాలనుకున్నా. నీ లేత్ ముందు రెండు రోజులు నిలబడేసరికి ఉక్కు చెప్పేసింది. కానీ ఫ్యాక్టరీలో ఒక రూలుండేది, నీకూ చెప్పా. ఎవడి పని వాడు పాస్ చేసుకోకూడదు, ఎవడి పని వాడు తుక్కనకూడదు. ఇంకొకడు కొలవాలి, ఇంకొకడు చెప్పాలి. అందుకే నువ్వొకసారి చూడమన్నా. నువ్వు చూశావు. చూసి, కూర్చుని కొత్తది చేసిపెట్టావు."

"నీ మనసు నొచ్చుకుంటుందని..."

"డ్వైట్ వచ్చాడు కదూ ఇక్కడికి?"

తల ఊపాను. ఆయనకి కనిపించిందో లేదోనని "వచ్చాడు" అన్నాను.

"చెట్టు సంగతి చెప్పాడా?"

"నీకు తెలుసా?"

"వాళ్లు క్యాంపుకెళ్లాక నేను మళ్లీ ఆ వాలు ఎక్కా. చెట్టు చెట్టూ తడుముకుంటూ వెళ్లా. బెరడు లేచిన చోట వేలు పెట్టి చూశా. కింద వాడు కూర్చున్న చోట ఆకులు ఇంకా నలిగే ఉన్నాయి. వేలి నుంచి అక్కడికి నా మోచెయ్యంత." ఆయన మోచెయ్యి చాచి చూపించాడు. "రాత్రి క్యాంపులో కూర్చున్నా. ఎవడో ఒకడు అంటాడు, ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని చూస్తున్నా. వాళ్లు కత్తెర పట్టుకుని వచ్చారు. పాటలు పాడారు. జింక తప్పితే చొక్కా కోశారమ్మా. మనిషి తప్పితే ఒక్కడూ నోరు విప్పలేదు."

నేను ఏడుస్తున్నాను. ఏడుపు గొంతులో వినపడకుండా ఉండాలని చూశాను గానీ కుదర్లేదు.

"ఏడాదంతా చూశా," అన్నాడు. "నేను పెంచినవాళ్లే అంతా. ఒకడు వాతావరణం గురించి మాట్లాడతాడు, ఒకడు నడుం నెప్పి గురించి మాట్లాడతాడు. చచ్చినవాడి ఇంటికొచ్చినట్టు మాట్లాడతారు. నువ్వొక్కదానివి చెప్తావనుకున్నా. నీ ముక్కలు తుక్కులో పడేసినవాణ్ని కదా, నాది పడేసే హక్కు నీకే ఉంది. చెప్పు. ఎంత?"

"ఇరవైరెండు థౌ," అన్నాను.

ఆయన తల మెల్లగా ఊపాడు. అంకె విని లోపల ఎక్కడో సర్దుకున్నట్టు భుజాలు కిందికి దిగాయి.

"రెండు దాటితే?"

"తుక్కే బాబాయ్."

"తుక్కే," అన్నాడు.

ఎవడో వచ్చి తలుపు తట్టాడు, తియ్యలేదు. కిటికీలోంచి తొంగిచూసి తిట్టుకుంటూ పోయాడు.

"కొత్త గొట్టం ఆర్డరివ్వలేదు కదూ?" అన్నాడు.

"లేదు."

"ఇవ్వకు. పాతది విప్పు."

"ఎందుకిప్పుడు? అలాగే ఉంచుకో బాబాయ్, గోడకి..."

"గొట్టం ఉన్న తుపాకీ ఇంట్లో ఉంటే శనివారం పొద్దున నా చెయ్యి ఊరుకోదు. నా సంగతి నాకు తెలుసు. విప్పు."

పానా పిడి ఆయనే పట్టుకున్నాడు. నేను వైస్ చూసుకున్నాను. కాళ్లు దూరంగా పెట్టి, ఒంటి బరువంతా ఒక్కసారి వేశాడు. ఇంత వయసులోనూ ఆ వాటం పోలేదు. టక్కున పెద్ద చప్పుడుతో మర వదిలింది. తర్వాత చేత్తోనే తిప్పి బాడీని బయటికి తీశాడు. బాడీ మీద ఒక్క గీత పడలేదు. వేలు పెట్టి చుట్టూ తడిమి, "మంచి పానా చేశావు" అన్నాడు. నేను బాగా చేశానని ఆయన అన్న సందర్భాలు నాకు గుర్తులేవు. ఆ రోజు ఆ మాట నాకు అస్సలు సంతోషమివ్వలేదు.

చెక్కా బాడీ సంచిలో పెట్టుకున్నాడు. గొట్టం నా దగ్గరే వదిలేశాడు.

"క్యాంపుకి వెళ్తావా?" అని అడిగాను.

"వెళ్తా. పొయ్యి దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతా. ఉత్త చేతుల్తో వెళ్తా. నీ తుపాకీ ఏదని ఎవడైనా అడుగుతాడేమో చూద్దాం."

"అడగరు బాబాయ్."

"అడగరు." ముందుగుడ్డ విప్పి మడిచి బల్ల మీద పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. "నువ్వడుగు," అన్నాడు.

"ఏంటి?"

"ఇప్పుడడుగు. ఒక్కళ్లయినా అడగాలి కదా. నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాకూ అలవాటవ్వాలి."

కళ్లు తుడుచుకుని ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"నీ తుపాకీ ఏది బాబాయ్?"

ఆయన ద్వారబంధాన్ని చేత్తో పట్టుకున్నాడు.

"నాకు కళ్లు పోయాయమ్మా," అన్నాడు.